పెర్సిస్ టీచరు వదిలిన జాగా

ఏలూరులో డ్రాయింగు టీచరుగా రిటైరైన పెర్సిస్ గారికి ఒకే ఒక్క కోరిక ఉండేది. తన బొమ్మ ఒకటి నలుగురూ తిరిగే చోట ఉండాలి, అందులోని తెలుపును ఒక్కరైనా చూడాలి. తలుపంత కాగితం, అడుగున వంపు తిరిగి ఆగిపోయిన ఒక్క నల్లసిరా గీత, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీ కుదిరేదాకా ఆవిడ పాడుచేసిన కాగితాలకు లెక్కలేదు.

కైకలూరు చర్చివాళ్ళు కొత్త హాలుకు ఓ బొమ్మ కావాలంటే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. సంఘపెద్ద జ్ఞానయ్య గారే స్వయంగా వ్యాను వేసుకొచ్చారు. కొల్లేటి అంచున జానెడు నేల ఖాళీగా కనబడితే చాలు, గట్టు వేసి చేపపిల్లల్ని వదిలేదాకా నిద్రపట్టని మనిషి. బొమ్మను చాలాసేపు చూశారు.

"ఇందులో చేపలేమైనా వేస్తారాండీ?"

"లేదండీ. గీత ఎంత ముఖ్యమో దాని చుట్టూ ఉన్న ఖాళీ కూడా అంతే ముఖ్యం. అది కావాలనే వదిలాను."

"కావాలనే వదిలారా!" జ్ఞానయ్య గారి కళ్ళు చెమర్చాయి. "అర్థమైందండీ. ఎంత మంచి మనసండీ మీది!"

ఇన్నేళ్ళకు ఒక్కరికి అర్థమైందన్న సంతోషంతో పెర్సిస్ గారు ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

ప్రారంభోత్సవం నాడు హాల్లోకి అడుగుపెట్టారు. ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు. కుర్చీల వీపుల మీద పేర్లు. మంచినీళ్ళ డ్రమ్ము ఒకరిది, దాని మూత ఇంకొకరిది. ఎదురుగోడ మీద తన బొమ్మ. ఫ్రేము అద్దం తీయించి మరీ, ఆ తెలుపు నిండా ఎర్రటి అక్షరాలు రాయించారు: సమర్పణ, జ్ఞానయ్య గారు, వారి సతీమణి, కొడుకులు, కోడళ్ళు, రొయ్యల మేత షాపు ఫోన్ నంబరు.

"మా అందరి పేర్లకీ చోటు వదిలి, మీరు మాత్రం ఓ మూల గీతతో సరిపెట్టుకున్నారు. ఈ రోజుల్లో అంత వినయం ఎవరికుందండీ?" అన్నారు జ్ఞానయ్య గారు.

పెర్సిస్ గారికి ఒళ్ళు మండిపోయింది. గుమ్మం మీద ఇంకో దాత పేరు రాస్తున్న పెయింటరు చేతిలోంచి కుంచె లాక్కున్నారు. అతని నల్లరంగు డబ్బా ఎత్తుకెళ్ళి, పేర్లు, ఫోన్ నంబరు, తన గీతతో సహా కాగితమంతా పూసిపారేశారు.

జ్ఞానయ్య గారు నాలుగడుగులు వెనక్కి వేసి, తల అటూ ఇటూ వంచి చూశారు.

"ఇప్పుడు నిండుగా ఉందండీ!" అని, పెయింటరు వైపు తిరిగారు. "అది ఆరాక మా పేర్లు పసుపు రంగుతో రాసెయ్యవయ్యా. నలుపు మీదైతే గేటు దగ్గరికి కూడా కనిపిస్తాయి."