చప్పుడు లేని పలకలు

టీచరమ్మ చనిపోయింది ఆసుపత్రిలో కాదు, సర్కారు ఆఫీసు వరండాలో. మూడో అంతస్తులో బెంచీ మీద, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, పిలుపు కోసం ఎదురుచూస్తూ పోయింది. పక్కన నేనే ఉన్నాను. కునుకు తీస్తోందనుకుని ఊరుకున్నాను. అధికారి భోజనానికి వెళ్ళారు, రేపు రమ్మన్నారని ప్యూను చెప్పాకే ఆమె భుజం తట్టాను.

నేను వడ్రంగిని. మా వీధిలో ఇరవై ఆరు ఇళ్ళు. అన్నీ నూలు మిల్లు కార్మికులు తమ చేతులతో కట్టుకున్నవే. వాటిని పడగొట్టి దుకాణాల భవనం లేపడానికి కాంట్రాక్టరుకు అనుమతి వచ్చింది. మా వీధిని కాపాడదగ్గ పాత కట్టడాల జాబితాలో చేర్చమని టీచరమ్మ రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. ఏ గోడ ఎవరు ఎత్తారో, ఏ తలుపు ఎవరు చేశారో ఇల్లిల్లూ అడిగి రాసింది.

"జాబితాలో కోటలుంటాయమ్మా, కూలోళ్ళ ఇళ్ళు కాదు" అన్నాడు అధికారి.

"ఆ కోటల గోడలు ఎవరెత్తారో రాశారా అందులో?" అని అడిగింది. అతను ఫైలు మూసేశాడు.

ఆమె పియానో నేర్పేది. పియానో ఒక్కటే, నేర్చుకునేవాళ్ళు నలభై మంది. షిఫ్టు దిగి వచ్చే ఆడవాళ్ళే అందులో సగం. వాళ్ళు ఇంట్లో సాధన చేసుకోవడానికి చెక్క పలకల మీద పియానో మెట్లు గీసివ్వమని నన్నడిగింది. నాకేం తెలుసు, ప్రతి రెండు తెల్లమెట్ల మధ్యా ఒక నల్లమెట్టు గీసి పట్టుకెళ్ళాను. చూసి పడీపడీ నవ్వింది.

"నల్లవి ఒకచోట రెండు, ఒకచోట మూడు ఉంటాయి తమ్ముడూ. వాటిని తడుముకునే చెయ్యి దారి తెలుసుకుంటుంది" అంది. ఆ తప్పు పలకను పారేయనివ్వలేదు, గోడకు తగిలించుకుంది. తర్వాత నలభై పలకలు సరిగ్గా చేసిచ్చాను.

ఆమెను సాగనంపిన మూడోరోజు ఆమె పియానో నేర్పిన గదిలోనే మీటింగు పెట్టుకున్నాం. మర్నాడే కూల్చివేత. నినాదాలు, మైకులు, డప్పులు నిషేధమని పోలీసులు గోడలకు కాగితాలు అంటించి పోయారు. కుర్రకారు రాళ్ళన్నారు. పెద్దవాళ్ళు మూటాముల్లె సర్దుకుందామన్నారు. అరుపులు మిన్నంటాయి. అంతటి మనిషే ఆపలేకపోయింది, మనవల్ల ఏమవుతుందని నేనన్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

అప్పుడు మా వదిన లేచింది. మిల్లులో ఇరవయ్యేళ్ళుగా నూలు వడుకుతూ, షిఫ్టు దిగాక టీచరమ్మ దగ్గర పియానో నేర్చుకున్న మనిషి.

"నోరెత్తొద్దన్నారు. వేళ్ళెత్తొద్దని ఎక్కడా రాయలేదుగా" అంది.

పొద్దున్నే యంత్రం వచ్చేసరికి నలభై మందీ వీధికి అడ్డంగా కూర్చుని, ఒళ్ళో పలకలు పెట్టుకున్నారు. టీచరమ్మ అందరికీ నేర్పిన మొదటి పాఠం మొదలుపెట్టారు. చెక్క మీద గోళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పియానో రానివాళ్ళం వెనక నిలబడ్డాం. డ్రైవరు కాసేపు చూసి ఇంజను ఆపేశాడు. కాంట్రాక్టరు ఎన్ని తిట్లు తిట్టినా మళ్ళీ తాళం తిప్పలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చి ఇదేం నాటకమని అడిగాడు.

"పాఠం చదువుకుంటున్నాం సార్" అంది వదిన.

"టీచరెవరు? పిలవండి."

"మీ సర్కారు ఆఫీసు బెంచీ మీద చచ్చిపోయింది."

అందరినీ వ్యాన్లలోకి తోశారు. పలకలు లాక్కుని, కర్రలతో దాడికి దిగారని రాసుకున్నారు. ఇంకో డ్రైవరును తెచ్చారు. వ్యాను కిటికీలోంచి చూస్తుండగానే టీచరమ్మ ఇంటి గోడ పియానో మీద కూలింది. ఒక్కసారిగా అన్ని మెట్లూ మోగి ఆగిపోయాయి. వదిన మొహం తిప్పుకుంది. మేం చూస్తూ ఉండిపోయాం.

కార్మికులారా, విద్యార్థులారా, మేం గెలిచామని చెప్పడానికి ఇదంతా చెప్పడం లేదు. నాలుగు రోజులకు వదిలారు. వచ్చి చూస్తే వీధి లేదు. నా రంపం ఆ రాళ్ళ కింద ఉంది. ఏం చెయ్యాలో తోచక అక్కడే కూలబడ్డాను.

వెనక వీధి తాపీమేస్త్రి వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ తలుపులకూ నిన్న నోటీసులు అంటించారట. వాళ్ళలో ఒక్కరికీ పియానో రాదు. పలకలు చేసిపెట్టమన్నాడు, మొదటి పాఠం వదిన నేర్పుతానందట.

"ఇంటికొకటి చాలా?" అని అడిగాను.

"మనిషికొకటి" అన్నాడు.

వాళ్ళ రంపమే తీసుకుని మొదలుపెట్టాను.