కావా గిన్నెలో కలిసిన మాత్రలు

రండి, రండి! చాప మీద కాస్త జరిగి కూర్చోండి. అపేనిసా, ఆ నోటికి గొళ్లెం వెయ్యి, కావా వేరు పిండిన రసం చిప్ప నీ దాకా వస్తుందిలే. ఇది సకియుసా కథ. నవ్వేవాళ్లు చివరిదాకా ఆగి నవ్వండి.

సకియుసాకి ప్రోస్టేటు వాచింది. పొద్దున్నే సీమపనస చెట్టు కింద మూత్రానికి నిలబడితే, పక్కనున్న కోడి గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు గింజలేరడం కూడా నేర్పేసేది. ఈయన మాత్రం ఇంకా అక్కడే. ఊళ్లో పెద్ద మగాళ్లందరిదీ అదే గోల. పడవెక్కి పెద్దపట్నం సువాకు బయల్దేరితే ప్రతి దీవి దగ్గరా ఆపమనేవాళ్లు. చివరికి మా పడవను చూస్తే దీవులే పక్కకు జరిగేవి.

సకియుసా చెల్లెలి కూతురు లిటియా సువాలో డాక్టరు. ఈ జబ్బుకు వచ్చిన కొత్త మందును పరీక్షించడానికి కొన్ని ఊళ్లను ఎంచుకుంది. మేనమామ ఊరని మా దగ్గరికే ముందొచ్చింది. తలా ఒక సీసా ఇచ్చింది.

"సగం సీసాల్లో మందు, సగం సీసాల్లో ఉత్త పిండి మాత్రలు. ఏది ఎవరికొచ్చిందో నాక్కూడా తెలీదు మామయ్యా. ఎవరి సీసా వాళ్లే మింగాలి."

"మరి పిండి వచ్చినోడి గతి?"

"ఆ తేడా చూడ్డానికే కదా పరీక్ష!"

అందరూ బుద్ధిగా తలలూపారు. ఆమె పడవ మలుపు తిరిగిందో లేదో, సకియుసా లేచాడు.

"ఏంట్రా ఇది? ఒకడు చేప తింటుంటే పక్కోడు ముల్లు నాకాలా? మనూళ్లో ఎప్పుడన్నా ఉందా?"

కావా గిన్నె తెచ్చి సీసాలన్నీ అందులో బోర్లించాడు. బాగా కలిపి, కావా పంచినట్టే పెద్దల దగ్గర మొదలుపెట్టి, అందరి సీసాల్లోకీ సమంగా పోశాడు. చప్పట్లే చప్పట్లు!

నెలలు గడిచాయి. ఇప్పుడు సకియుసా చెట్టు కింద పని ముగించుకుని వెళ్లిపోతుంటే కోడి గుడ్డు పెట్టడం మానేసి నోరు తెరిచి చూసేది.

అప్పుడొచ్చింది లిటియా. మొహం వాడిపోయి ఉంది.

"పిండి ఎవరిదో మందు ఎవరిదో తేలింది మామయ్యా. రెండు రకాలవాళ్లకీ ఒకేలా తగ్గింది. మిగతా ఊళ్లలో తేడా కనబడింది గానీ, మనూళ్లోనే జనం ఎక్కువ. అంతా కలిపితే మందు పనికిరాదనే తేలుతోంది. రేపెళ్లి ఆపేయమని చెప్తా."

సకియుసాకి మధ్యాహ్నం కర్రపెండలమూ చేపా గొంతు దిగలేదు.

"ఏంటయ్యా, ముల్లు గుచ్చుకుందా?" అంది పెళ్లాం మెరెయోని.

"మందే గుచ్చుకుందే. దానివల్లే హాయిగా నిద్రపోతున్నా. అది పనికిరాదని ఆ పిల్ల చెప్పబోతోంది. ఎక్కడెక్కడి ముసలాళ్లకో నా మూలంగా అందకుండా పోతుంది."

"నాకు చెప్తే ఏం లాభం? లే!"

మా దగ్గర పెద్ద తప్పు పూడ్చుకోవాలంటే తిమింగలం పన్ను పట్టుకెళ్లాలి. సకియుసా దాన్ని రెండు చేతులా పట్టుకుని, మేనకోడలి ముందు మోకాళ్ల మీద కూర్చుని, గిన్నె సంగతంతా చెప్పాడు. తల మాత్రం ఎత్తలేదు.

లిటియా చేతిలోని లెక్కల కాగితాలు పక్కన పెట్టింది. "నేనేమన్నా పరాయిదాన్నా మామయ్యా?"

"పరాయిదానివైతే భయపడైనా నీ మాట వినేవాళ్లం తల్లీ. మన పిల్లే కదా అనుకున్నాం."

ఆమె కళ్లు తుడుచుకుని పన్ను అందుకుంది. "తప్పు పూడిపోయింది. కానీ మనూరిని పరీక్షలోంచి తీసేయాలి. మాత్రలు వెనక్కివ్వండి. మందు బజారుకొచ్చేదాకా మీకు ఉండదు."

సకియుసా ముందు తన సీసా తెచ్చి పెట్టాడు. మళ్లీ కోడి ముందు నిలబడాలని తెలుసు. తర్వాత ఇంటింటికీ తిరిగి మిగతావి అడిగి తెచ్చాడు. కొందరు సీసా ఇచ్చారు గానీ మొహం తిప్పేసుకున్నారు. తలొంచుకునే తీసుకున్నాడు.

ఇదంతా గుమ్మానికి ఆనుకుని చూస్తున్న ముసలి నెమాని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా లిటియా, నా వాటా చేదుగా ఉందని మా పందికి పెట్టానమ్మా. దానికి భలే తగ్గింది. దాన్నైనా పరీక్షలో ఉంచు!"