నోరు విప్పని అమ్మ, నాలుగు చక్రాలు

అమ్మ మాట్లాడి మూడు రోజులైంది. సోమవారం నుంచి ఆస్పత్రి డ్యూటీకి కారు తానే నడుపుకుంటూ వెళ్తానని కూతురు అన్న రోజు, "ఆ సరిగ్గా పట్టని మెత్తటి బ్రేకుల బండెక్కితే నాతో మాట్లాడకు" అని మూతి ముడుచుకుంది. అంతే.

కూతురు మాత్రం తక్కువ తిన్నదా? ఆదివారం పొద్దున్నే సీలు తియ్యని బ్రేక్ ఆయిల్ డబ్బా తెచ్చింది. కారును జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, గట్టిగా ఊపి చూసింది. బానెట్ కింది డబ్బాలో నల్లబడిన ఆయిల్ తోడేసి కొత్తది నింపింది. ఇక పెడల్ తొక్కడానికి మనిషి కావాలి. ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే.

"అమ్మా, నేను తొక్కమన్నప్పుడు తొక్కి పట్టుకుని, పట్టుకున్నానని చెప్పు. అప్పుడు చక్రం దగ్గరున్న స్క్రూ తిప్పి పాత ఆయిల్ వదిలి, మళ్లీ బిగిస్తా. 'తియ్యి' అనేదాకా కాలు తియ్యకు. తీశావో, లోపలికి గాలి పోయి బ్రేకు పట్టదు."

అమ్మ వచ్చి కూర్చుంది. తొక్కింది. చెప్పడానికి బదులు హారన్ కొట్టింది.

అబ్బో, ఏం పంతం!

ఆయిల్ డబ్బాకి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి రెండు చక్రాలు హారన్ మీదే గడిచాయి. స్క్రూకి తగిలించి సీసాలోకి దింపిన ట్యూబులో నలుపు పోయి తేనెరంగు వచ్చింది. మూడో చక్రం దగ్గర "తొక్కు" అంది. హారన్ మోగింది. స్క్రూ తిప్పింది. ట్యూబు నిండా బుడగలు!

స్క్రూ బిగించి తలెత్తి చూస్తే, హారన్ కొట్టింది వీధిలో పోయే స్కూటర్. అమ్మ ఇంకా తొక్కనే లేదు, జారిన చెప్పు సర్దుకుంటోంది.

"ఏది నీ హారనో నాకెలా తెలుస్తుందమ్మా? నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా? రేపు ఆ పెడల్ మీద ఉండేది నా కాలు!"

అమ్మ పెడల్‌నే చూసింది. చెప్పులు తీసి బయటికి విసిరేసింది.

"తొక్కు."

"తొక్కా!" ఆ కేక వీధి చివరిదాకా పోయింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నానే తల్లీ! చెవుడా నీకు?"

బానెట్ కింది డబ్బా ఖాళీ కాకుండా నింపుకుంటూ, బుడగలన్నీ పోయేదాకా ఆ చక్రాన్ని వదల్లేదు. తర్వాత నాలుగోది. పెడల్ రాయిలా గట్టిపడింది.

బండి కిందికి దించేసరికి అమ్మ పక్కసీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంది. కూతురు నడకవేగంతో గేటుదాకా పోనిచ్చి బ్రేకు వేసింది. బండి ఉన్నచోటే ఆగింది.

"చూశావా?"

"చూశా. ఇంకో పదిసార్లు ఆపు. అప్పుడు చెప్తా."