గింజెడు సందు

లారీ కింద నుంచి రెండు కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కుడి జోడుకి మడమ ఉంది, ఎడమ జోడుకి లేదు. ఆ కాళ్ళు జోగయ్యవి.

"ఏటి జోగయ్యా, ఊడతాదా ఊడదా?" షావుకారు గణపతిరావు స్టూలు మీద నుంచి వంగి అడిగాడు. పొద్దుట్నుంచి అది ఆరోసారి.

"అత్తారింటికెళ్ళే పెళ్ళికూతురు బాబూ. బతిమాలాల గానీ లాగితే వస్తాదేటి?" అంది కింద నుంచి గొంతు.

పాలకొండ రోడ్డు పక్కన రాజాం ఊరి చివర తాటాకుల షెడ్డు అది. యుద్ధం అయిపోయి ఏడాదైంది. మిలటరీవాళ్ళు వేలం వేస్తే గణపతిరావు ఈ లారీ కొన్నాడు. ముందు చక్రాలూ వెనక చక్రాలూ కూడా లాగే బండి, రోడ్డు లేని చోటికీ పోతుంది. కొండల మీద సంతలో కొన్న చింతపండు దింపడానికి దాన్ని మించింది లేదు. అయితే ముందు చక్రాలు రెండింటినీ కలిపే అడ్డకడ్డీకి రెండు కొసల్లో బంతి కీళ్ళుంటాయి. అవి అరిగిపోయాయి. స్టీరింగు పావుచుట్టు తిప్పినా చక్రాలు ఉలకవు, పలకవు. అలాంటి బండిని ఘాటీ దింపుతున్నవాడు పైడిరాజు. జోగయ్య భార్య కూర్మమ్మకి తమ్ముడి కొడుకు. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆరో ఏట నుంచి పెరిగాడు. ఇప్పుడు ఇరవయ్యెనిమిదేళ్ళవాడు, బానెట్టుకి చేరగిలబడి బీడీ కాలుస్తున్నాడు.

ఒక సంగతి జోగయ్య రెండు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. కీళ్ళు వదులైన మొదట్లో కొత్తవి దొరకలేదు. సంత తప్పకూడదని షావుకారు నెత్తినెక్కి కూర్చున్నాడు. అప్పుడు జోగయ్య తన ఎడమ జోడు మడమ కోసి, బంతి వెనక కుక్కి బిగించేశాడు. "కొత్తవేనా మావా?" అని పైడిరాజు అడిగితే "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క "ఊఁ" ఎంత పని చేసింది! లారీ కొండెక్కిన రోజున అతనికి ముద్ద దిగేది కాదు. బండి చప్పుడు వినబడ్డాకే కంచం ముందు కూర్చునేవాడు. విశాఖపట్నం నుంచి కొత్త కీళ్ళు నిన్ననే వచ్చాయి.

జోగయ్య రెండు చేతుల్లో రెండు సుత్తులు పట్టుకుని కడ్డీ కొసకి ఇటూ అటూ ఒకేసారి కొట్టాడు. మూడో దెబ్బకి కీలు టక్కున ఊడింది. లోపల నుంచి నల్లటి ముక్కొకటి రాలింది. దాన్ని గబుక్కున ఏరి పై పంచె కొసన ముడేశాడు. ఎడమ భుజం సలిపింది. సుత్తి దెబ్బలే కదా అనుకుని రుద్దుకున్నాడు.

జోగయ్య తండ్రి నాటుబండి చక్రాలు చేసేవాడు. రాజాంకి మొదటి బస్సు వచ్చిన రోజున జోగయ్య దాని కిందకి దూరి చూశాడు. ముప్పయ్యేళ్ళవాడు ఆ సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ తర్వాత ఉలి పట్టలేదు. తండ్రి దగ్గర నుంచి ఒక్క రివాజు మాత్రం తెచ్చుకున్నాడు. చక్రం బిగించినవాడు మొదటి తిరుగుడులో ముందు కూర్చోవాలి. "పడితే కట్టినోడూ పడాల" అనేవాడు తండ్రి. కిందటిసారి మాత్రం జోగయ్య కడుపునొప్పని షెడ్డులోనే పడుకున్నాడు.

పాత కీళ్ళు తిప్పి తీస్తుంటే గణపతిరావు లెక్కపెట్టాడు. కొలత ఏదైనా ఇంకొకరి నోటికి వదలని మనిషి. ఒకటికి బదులు లాభం అనడం షావుకార్ల అలవాటు. "లాభం, రెండు, మూడు..." ఒక్కోదానికి పదమూడు చుట్లు తేలాయి. కొత్తవీ పదమూడే బిగించారు.

"అయిపోయినట్టే! అదిగో కొండ మీద మబ్బు. సంతలో సరుకు తడిసిపోద్ది. పద పైడిరాజూ!"

"ఆగండి బాబూ," అంటూ జోగయ్య వెదురుకర్ర తీశాడు. ఈ లారీ కోసమే కోసి పెట్టుకున్న కొలకర్ర. రెండు ముందు చక్రాల మధ్య ఎదరవైపు అది సరిగ్గా సరిపోవాలి. వెనకవైపు పెడితే గింజెడు సందు మిగలాలి.

అప్పుడే కూర్మమ్మ చోడి అంబలి పట్టుకొచ్చింది.

"ఒసే, ఒక వడ్లగింజ ఉంటే ఇయ్యి."

"గింజలు అడుక్కునే రోజొచ్చీసిందేటి నీకు?" అంటూనే కొప్పులో చెయ్యి పెట్టింది. పొద్దున దంచినప్పుడు చిక్కుకున్న గింజొకటి దొరికింది. "పనయ్యేక నా గింజ నాకిచ్చీ."

జోగయ్య కర్ర వెనకవైపు పెట్టాడు. గింజ దూరలేదు.

"పదమూడంటే పదమూడే! నేను లెక్కెట్టేను!" గణపతిరావు గొంతు పెంచాడు.

"మీ లెక్క మంచిదే బాబూ. కీళ్ళు కొత్తవి, కొలత మారతాది. నాటుబండి చక్రాలు సమంగా నిలబడాల. లారీ చక్రాలు మొగుడూపెళ్ళాల్లాగ ఎదరకి రవంత దగ్గరగా ఉండాల."

"నలభయ్యేళ్ళయింది, నువ్వెప్పుడు నా ఎదర నిలబడ్డావు? లారీ కిందే కాపరం," అంది కూర్మమ్మ. షావుకారు కూడా నవ్వేశాడు.

అరచుట్టు తిప్పాడు. దూరలేదు. ఇంకో అరచుట్టు. గింజ సందులోకి సుతారంగా జారింది. నట్టు బిగించి, సీల గుచ్చి, జోగయ్య గింజను రొంటిన దోపుకున్నాడు. తర్వాత లారీ ఎక్కి పైడిరాజు పక్కన కూర్చున్నాడు.

"కడుపునొప్పి లేదా మావా?" అడిగాడు పైడిరాజు.

ఊరు దాటాక జోగయ్య పై పంచె ముడి విప్పాడు. నల్లటి ముక్క. "ఒరే, కిందటిసారి నీకు అబద్ధం సెప్పేను. ఇది నా జోడు ముక్క."

"నాకు తెల్దేటి? నీ మడమ సూసేను. ఆనాడు నువ్వు బండెక్కనేదు. అప్పుడే తెలిసిపోనాది."

జోగయ్య నిర్ఘాంతపోయాడు. "తెలిసీ ఘాటీ దింపేవా? సచ్చిపోతే?"

"నువ్వు కట్టినాది కదా. మెల్లగ తోలేను."

జోగయ్యకి కళ్ళు చెమర్చాయి. పై పంచెతో తుడుచుకుని, ముక్కని కిటికీలోంచి చేలల్లోకి విసిరేశాడు. ప్రాణం తేలికపడింది.

"సెయ్యి తీసీ," అన్నాడు.

పైడిరాజు స్టీరింగు వదిలేశాడు. తిన్నగా ఉన్న రోడ్డు మీద లారీ అటూ ఇటూ ఒరగకుండా సాగింది. జోగయ్య పకపకా నవ్వాడు. "సూసేవా! సూసేవా దీని బుద్ధి!" అంటూ సీటుకి చేరగిలబడ్డాడు. భుజం మళ్ళీ రుద్దుకున్నాడు.

వంతెన దగ్గర బండి తిప్పుతూ పైడిరాజు అడిగాడు, "మావా, నిన్ను దింపీసి ఇక సంతకి ఎల్లిపోమంటావా?" జోగయ్య తల సీటు మీద వాలి ఉంది. మొహం మీద నవ్వు అలాగే ఉంది. పైడిరాజు లారీ ఆపి భుజం కదిపాడు, మళ్ళీ కదిపాడు, బావురుమన్నాడు.

ఆ వారం చింతపండు తడిసింది. గణపతిరావు సంత మాట వదిలేసి పాడె వెనకాలే నడిచి వెళ్ళాడు.

పాడె కట్టకముందు శవానికి స్నానం చేయించేటప్పుడు రొంటిలో గింజ కూర్మమ్మ చేతికి తగిలింది. "నాది నాకిచ్చీసేవా," అంది. ఏడుస్తూనే చిన్నగా నవ్వింది. పెద్దకర్మ అయిన మర్నాడు పైడిరాజు కొండకి బయల్దేరుతుంటే, ఏదో గుర్తొచ్చినట్టు షెడ్డులోకి వెళ్ళి వచ్చింది.

ఇప్పుడు ఆ లారీలో జోగయ్య కూర్చున్న సీటు వెనక వెదురుకర్ర వేలాడుతూ ఉంటుంది. దాని కొసన పసుపుగుడ్డలో మూటగట్టిన వడ్లగింజ ఒకటి.