అటువైపు బెజ్జం

ఆదివారం ఇంట్లో అందరికీ సెలవు, ఆమెకు గ్రీజు రోజు. పశువుల కొట్టం వారన ఉన్న గడ్డి మిషను పక్కన పీట వేసుకుని కూర్చునేది. ముందు ప్లగ్గు పీకి, తీగతో సహా దాన్ని ఒళ్లో పెట్టుకునేది. ఒళ్లో ఎందుకంటే, ఒకసారి ఆమె బ్లేడు విప్పుతుండగా భర్త వచ్చి, మిషను ఎందుకు ఆగిందోనని స్విచ్చి వేయబోయాడు. "నువ్వున్నావని చూళ్లేదు" అన్నాడు తర్వాత. అబద్ధమాడే మనిషి కాదు, నిజంగానే చూసి ఉండడు.

చక్రానికున్న బ్లేడ్లు విప్పి సానబెట్టడం, మళ్లీ బిగించేటప్పుడు బ్లేడుకూ కింది పట్టీకీ మధ్య కాగితం దూరేంత సందు మాత్రమే ఉంచడం, రోలర్ల పళ్లలో ఇరుక్కున్న పీచు లాగేయడం, వదులైన నట్లు పానాతో బిగించడం, చివరికి గ్రీజు పూయడం, అన్నీ ఆమె పనులే. చుట్టుపక్కల వాళ్లు మాత్రం, మీ ఆయన మిషన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడమ్మా అనేవాళ్లు. ఆయన పక్కనే నిలబడి నవ్వేవాడు తప్ప కాదనేవాడు కాదు. ఆమె చేతులకున్న నల్లటి గ్రీజు ఎవరికీ కనపడేది కాదు. కనపడినా, ఆడవాళ్ల చేతులకు మసి కొత్తా ఏమిటి?

మిషనుతో పని చూడ్డానికి తేలికే. పొడుగాటి తొట్టిలో మొక్కజొన్న చొప్ప పేర్చి తోస్తే, రోలర్లు దాన్ని లోపలికి లాక్కుంటాయి, చక్రం ముక్కలు చేసి అవతల పోస్తుంది. చొప్ప చిక్కుపడితే తొట్టికి కుడిపక్కనున్న లివరు గుంజాలి. అప్పుడు రోలర్లు ఎదురు తిరిగి, మింగినదాన్ని కక్కేస్తాయి. చిక్కుపడ్డప్పుడు ఆలోచించే తీరిక ఉండదు, ఏ చేయి ముందు లేస్తే ఆ చేయే. ఆమెకు ముందు లేచేది ఎడమ చేయి. అది రొమ్ముకు అడ్డంగా, తొట్టి మీదుగా, రోలర్ల మూతి ముందు నుంచి అవతలికి వెళ్లి లివరు అందుకోవాలి. చొప్ప గీరుకోకుండా ఆమె తొడుక్కునే భర్త పాత చొక్కాకు ఎడమ చేతి గుండీ ఇప్పటికీ లేదు. దాన్ని మిషనే మింగింది. ఆ రోజు గుండీతో సరిపెట్టుకుంది.

మిషను వచ్చిన మొదటి రోజే చెప్పింది, నా చేయి తిరగడం లేదండీ అని. "అలవాటవుతుందిలే" అన్నాడు భర్త. ఆ మాట ఆమెకు కొత్త కాదు. పలక పట్టిన రోజు పంతులమ్మ అదే అంది, కత్తెర పట్టిన రోజు కుట్టుపని నేర్పిన పిన్ని అదే అంది. అన్నదమ్ములు పుర్రచేతి పిల్ల అని ఏడిపించేవాళ్లు. కాపురానికొచ్చాక, వడ్డించేటప్పుడు గరిటె ఎడమ చేతిలోకి జారిందంటే చాలు, అత్త గిన్నె లాక్కునేది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని నలుగురిలో అనేది. ఆమె తలొంచుకుని గరిటె చేయి మార్చుకునేది. ఇంతమంది ఒకే మాట అంటున్నారంటే తప్పు తన చేతిలోనే ఉండాలి కదా అనుకునేది.

అలా ఏళ్ల తరబడి తొట్టి మీదుగా అడ్డం తిరిగి తిరిగి ఆ ఎడమ భుజం కాస్తా పట్టేసింది. డాక్టరు చేయి పైకెత్తమన్నాడు. అది చెవి దాకా కూడా రాలేదు. "ఏం పని చేస్తారమ్మా మీరు?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు భర్త, "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. ఇంట్లోనే ఉండే మనిషికి భుజం ఇలా ఎందుకు అరిగిందో అర్థంకాక డాక్టరు తల గోక్కుని, మాత్రలు రాసి, ఇలాగే వాడితే ఈ చేయి ఇక లేవదని చెప్పి పంపాడు.

దారిలో భర్త చాలా మెత్తగా చెప్పాడు. నీ వల్ల కాకపోతే ఆవుల్ని అమ్మేద్దాం, మంగళవారం బేరగాణ్ణి రమ్మంటాను, నువ్వు సుఖంగా కూర్చో అన్నాడు. నిజంగానే ఆమె మేలు కోరే అన్నాడు. మూడావుల్లో రెండిటిని దూడలప్పటి నుంచి పెంచింది, మూడోదానికి ఈనడం కష్టమైతే రాత్రంతా దాని మెడ పట్టుకుని కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె పిలిస్తే తల తిప్పి చూసేవి అవి మూడే. అవి ఉండాలంటే మేత కోయాలి, మేత కోస్తే చేయి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సోమవారం మధ్యాహ్నం అత్తకు అన్నం పెడుతోంది. పక్షవాతం వచ్చి అత్తకు కుడిచేయి, కుడికాలు పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. అప్పటి నుంచీ ఆమే చెంచాతో తినిపిస్తోంది. ఆ రోజు భుజం మరీ సలుపుతోంది. ఎప్పటిలా ఎడమ చేతిలోకే వచ్చిన చెంచా నోటి దాకా లేవక, సగంలో జారి దుప్పటి మీద పడింది. ఇంక తిట్లు మొదలవుతాయని కళ్లు మూసుకుంది. తిట్లు వినపడలేదు. కళ్లు తెరిచేసరికి అత్త తన ఎడమ చేత్తో చెంచా అందుకుని, గిన్నె దగ్గరికి లాక్కుని తింటోంది. ఒక్క మెతుకు కూడా కింద పడలేదు.

ఆమె ఆ చేతినే చూసింది. పడిపోయిన చేతికి బదులుగా వచ్చిన చేయి అలా ఉండదు, వణకాలి, తడబడాలి. ఈ చేయి ఎన్నాళ్లో పుట్టింటికి దూరమై తిరిగొచ్చిన ఆడపిల్లలా, అన్నీ ఎక్కడెక్కడున్నాయో తెలిసినట్టు మసులుతోంది.

"అత్తయ్యా, మీదీ ఎడమచేతి వాటమేనా?"

అత్త చెంచా గిన్నెలో పెట్టింది.

"మా అమ్మ గరిటె కాడతో కొట్టేది, వేళ్ల మీద. నేను మారాను."

ఆమె దుప్పటి మీది మెతుకులు ఏరుతూ కూర్చుంది. అత్త మళ్లీ నోరు విప్పింది. ఒక్కో మాటనూ కూడదీసుకుంటూ చెప్పింది.

"మిషను బిగించిన మేస్త్రీ అడిగాడు, లివరు ఎటు పెట్టమంటారని. అటువైపు కూడా బెజ్జం ఉంది. నువ్వు వాళ్లకు మంచినీళ్లు తేవడానికి లోపలికెళ్లావు. కుడివైపే పెట్టు, ఎవరైనా కుడిచేత్తోనే కదా అన్నాడు మావాడు. నేనక్కడే ఉన్నాను. నీ చేయి సంగతి నాకు తెలుసు. చెబుదామని నోటిదాకా వచ్చింది. నేను పడలేదా, తనూ పడుతుందిలే అనుకున్నాను."

ఆమె గిన్నె తీసుకెళ్లి కడిగింది, కడిగిందే మళ్లీ కడిగింది. తర్వాత కొట్టంలోకి వెళ్లి మిషను ముందు వంగింది. లివరు బిగించిన కడ్డీ తొట్టి కింద నుంచి ఎడమవైపు దాకా ఉంది. అటు చివర ఒక నల్లటి ముద్ద. వేలితో గీకితే ఊడొచ్చింది, లోపల గుండ్రంగా బెజ్జం. దాన్ని పూడ్చింది గ్రీజే. ఆ గ్రీజు పూసింది తనే, ఏ ఆదివారానికి ఆ ఆదివారం, తుడిచి మరీ.

అప్పుడొచ్చింది ఏడుపు. భర్త మీద కాదు, అత్త మీద కూడా పూర్తిగా కాదు. వాళ్లు చెప్పలేదు సరే, తానెందుకు అడగలేదు? మిషన్లో ప్రతి నట్టూ విప్పి చూసిన మనిషి ఈ బెజ్జం ఎందుకని ఒక్కసారైనా ఎందుకు అనుకోలేదు? మారాల్సింది మిషను కావచ్చనే ఆలోచనే రాకపోయింది. ఒకే కప్పు కింద ఇద్దరు పుర్రచేతి ఆడవాళ్లు ఇన్నేళ్లు ఎదురెదురుగా కూర్చుని, కూరలు తరిగి, బట్టలు మడతపెట్టి, ఒకరి చేతిని ఒకరు కాపలా కాశారు. అత్తాకోడళ్లుగా కాకపోయినా, ఒకే దెబ్బ తిన్నవాళ్లుగానైనా కాస్త దగ్గరవ్వాల్సింది. ఆ రోజులు ఇక రావు. ఆ భుజం కూడా రాదు.

ముఖం తుడుచుకుని ప్లగ్గు పీకింది. పానా తెచ్చి బోల్టు విప్పి, లివరు అటువైపు బిగించింది. టీ మరిగేంత సేపు కూడా పట్టలేదు. మిషను వేసి, కావాలనే గుప్పెడు చొప్పను అడ్డదిడ్డంగా తోసింది. రోలర్లు మూలిగాయి. ఎడమ చేయి ఉన్నచోటే కొంచెం కదిలింది, చొప్ప వెనక్కి వచ్చేసింది. అంతే. అది అంత తేలిక కావడమే ఆమె తట్టుకోలేకపోయింది. కష్టమైన పని అని నమ్మినంత కాలం కనీసం ఓర్చుకున్నానన్న తృప్తి ఉండేది.

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె కొట్టం ముందు నిలబడి ఉంది.

"బేరగాణ్ణి రావద్దని చెప్పండి" అంది. "ఆవులు ఎక్కడికీ పోవు. పొద్దుటి మేత నేను కోస్తాను, సాయంత్రం మేత మీరు కోయండి. నా భుజానికి సగం పనే చేతనవుతుంది."

ఆమె గొంతులో కోపం లేదు, అడగడం కూడా లేదు. అతను భార్య విప్పి ఇచ్చిన తన పాత చొక్కా తొడుక్కుని మిషను దగ్గరికెళ్లాడు. చొప్ప తోశాడు. చిక్కుపడింది. కుడిచేయి అలవాటుగా లేచి, గాలిని పట్టుకుని, తొట్టి మీదుగా అటువైపు వెళ్లబోయింది. ఆమె స్విచ్చి కట్టేసింది.

"అలా రోలర్ల ముందు నుంచి పోనీయకండి" అంది.

"ఇదేంటి, ఇటు పెట్టావు?" అన్నాడు భుజం రుద్దుకుంటూ. "నాకు చేయి తిరగడం లేదే."

ఆమె నోరు తెరిచేలోపు కొట్టం వైపు కిటికీలోంచి అత్త గొంతు వినిపించింది. ముద్దముద్దగానే అయినా, ప్రతి అక్షరం విడివిడిగా తెలిసేలా అంది.

"అలవాటవుతుందిలేరా."