రంగు రాకూడని స్లైడు

"ఒక పప్పు చేసేదానికి ఇంతసేపా? ల్యాబులో గూడా ఇట్లనే చేస్తాండావా?" అన్నాడు పొద్దున మా ఆయన యేసుప్రసాద్. నవ్వి ఊరుకున్నాను. సాయంత్రం మైక్రోస్కోపు ముందు ఆ మాటే గుర్తొచ్చింది.

కర్నూల్లో ఒక ప్రైవేటు ల్యాబులో నా ఉద్యోగం. రొమ్ము గడ్డల నుంచి కోసిన పలచని ముక్కల్లో ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ఎక్కడుందో వెతకాలి. దానికి మాత్రమే అతుక్కునే ప్రోబ్ వేస్తాం, అది ఉన్నచోట ఊదారంగు వస్తుంది. ప్రతిసారీ ఒక స్లైడుకు దేనికీ అతుక్కోని ప్రోబ్ వేస్తాం. దానికి రంగు రాకూడదు. రాకపోతేనే మిగతావాటిని నమ్మాలి. ఈరోజు దానికీ వచ్చింది.

ఎందుకో నాకు తెలుసు. అంటకుండా మిగిలిన ప్రోబ్‌ను వేడి ద్రావణంలో కడిగేస్తున్నప్పుడు మా అత్త జ్ఞానమణి ఒకటే ఫోన్లు. "చింతపండు యాడ పెట్టినావు జీవితా?" ఎత్తకపోతే ఇంటికెళ్లాక గొడవ. ఆ కంగారులో కడగడం సగంలో ఆపేశాను.

మా ల్యాబు పెద్ద వసంతకుమార్ సార్ చూసి, "ఆ ఒక్కటీ పక్కన పెట్టమ్మా. మిగతావి బాగానే ఉండాయి కదా. రేపు డాక్టర్లకు చూపియ్యాల" అని తన గదిలోకి వెళ్లిపోయారు.

రంగు వచ్చినవాళ్లకు మందు ఇంకా గట్టిగా ఇవ్వాలని డాక్టర్ల ఆలోచన. ఈరోజు రంగు వచ్చిన ముక్కల్లో ఒకటి ఎర్రగుంట్ల మల్లక్కది. "ఈ మందుకే జుట్టంతా పాయ తల్లీ, ఇంగ తట్టుకోలేను" అని ఆమె మొన్న ల్యాబుకొచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నోరు విప్పితే తప్పు నాదని తేలుతుంది. ఉద్యోగం పోవచ్చు. పోతే ఆయన ఏమంటాడో నాకు కంఠతా వచ్చు: "నేను ముందే చెప్పినా కదా." పెళ్లయినప్పటి నుంచీ ఇదే భయం. కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయని మా అమ్మ అడిగినా "ఏం లేదు" అనేస్తాను. పాపం ఆ స్లైడుకు నాలాగా దాచడం చేతకాలేదు.

ఫోన్ మోగింది. యేసుప్రసాద్. "ఎప్పుడొస్తావు? ఈడ ఇంగా ఎసరు గూడా పెట్టలా."

"మీరే పెట్టుకోండి. నాకు లేటవుతాది."

ఫోన్ ఆఫ్ చేశాను. ఆ స్లైడు తీసుకుని సార్ గదికి వెళ్లాను.

"కడగడంలో తప్పు నాది సార్. వీటిల్లో ఏదీ నమ్మేదానికి లేదు. రేపు చూపియ్యొద్దండి."

సార్ మొహం మాడింది. ఏమంటారో వినేదాకా అక్కడ నిలబడే ధైర్యం నాకు లేదు. తిరిగొచ్చి మల్లక్క గడ్డలోంచి కొత్త ముక్క కోశాను. ఇంట్లో ఎసరు పెట్టాల్సిన వేళకు, ల్యాబులో ద్రావణం వేడికి పెట్టాను.