తోటపనికి వచ్చినావిడ

చలి వెనకపట్టగానే తెరేసమ్మ కూతురింటికి వస్తుంది. గన్నవరం అవతలి పల్లెలో తెల్లారకముందే బయలుదేరి, బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు మారి, ఇబ్రహీంపట్నంలో దిగుతుంది. చేతిసంచిలో ఒక చీర, విత్తనాల పొట్లాలు, పదును పెట్టించిన కొడవలి. మంచినీళ్లు తాగి నేరుగా పెరట్లోకి నడుస్తుంది. కాపు అయిపోయిన జామకొమ్మలు కొట్టాలి, అరటి చుట్టూ పిలకలు తీయాలి, ఎండిన టమాటా మొక్కలు పీకి, మడులు తవ్వి, పశువుల ఎరువు కలిపి బీర, సొర పెట్టాలి. నాలుగు రోజుల పని. ఏడేళ్లుగా అది ఆమెదే.

"మీ అమ్మని ఊరికే కూర్చోబెడితే తోచదు. మట్టి మనిషి," అంటాడు స్టెల్లా భర్త ఫిలిప్. స్టెల్లా కూడా అలాగే అనుకుంటూ వచ్చింది. అలా అనుకుంటే సుఖంగా ఉంటుంది. ఐదింటికి లేచి, రెండు క్యారేజీలు కట్టి, స్కూల్లో ఆరు పీరియడ్లు చెప్పి, సాయంత్రం మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే తనకి తోట చూసే ఓపిక ఎక్కడిది? తాగిన గ్లాసు కూడా సింకులో వెయ్యని మనిషిని తోటలోకి దిగమనడం ఎలా? పోయిన మహిళా దినోత్సవానికి, ఆడదాని చాకిరీకి ఇంట్లో విలువ లేదని స్కూలు స్టేజీ మీద తనే మాట్లాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పూట తన ఇంటి బీరపాదుకి పందిరి వేస్తూ తల్లి పెరట్లోనే ఉందన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఈ శనివారం ఫిలిప్ పైఆఫీసరు భార్య శాలిని, కూతురి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చింది. తోట చూస్తానంటే వెనక వరండాలో కుర్చీలు వేశారు. తెరేసమ్మ ముక్కాలిపీట ఎక్కి జామకొమ్మలు కొడుతోంది.

"మంచి పనిమనిషి దొరికిందండీ మీకు," అంది శాలిని. "మా జామచెట్టు మేడెక్కేసింది, కొట్టేవాళ్లు లేరు. మా ఇంటికీ పంపుతారా ఫిలిప్ గారూ?"

ఫిలిప్ నవ్వాడు. "అడుగుదాం లెండి మేడమ్."

స్టెల్లా చేతిలో కాఫీ ట్రే ఉంది. చెప్పాల్సింది రెండే మాటలు, మా అమ్మ అని. నోటిదాకా వచ్చాయి. అప్పుడే తల్లి ఎగదోపిన చీర, తలకి చుట్టిన పాత తువ్వాలు, మట్టి పట్టిన మడమల పగుళ్లు కంటపడ్డాయి.

"పంచదార సరిపోయిందాండీ?" అని అడిగింది శాలినిని.

తెరేసమ్మ కొమ్మ వదిలి ఇటు తిరిగింది. కూతురి వైపు చూసింది. స్టెల్లా కప్పులు అందిస్తూ ఉండిపోయింది.

"రేపు గుడిలో పూజ అయ్యాక వస్తానండీ," అంది తెరేసమ్మ. "ఇల్లెక్కడో చెప్పండి."

శాలిని వెళ్లిపోయాక స్టెల్లా కడిగిన కప్పులే మళ్లీ కడిగింది. రాత్రి అన్నం దగ్గర తల్లి ఎదురుగా కూర్చోలేక, తలనొప్పని చెప్పి తప్పించుకుంది.

"పనిమనిషని నేనన్లేదుగా," అన్నాడు ఫిలిప్ గదిలో. "ఇప్పుడు మా అత్తగారంటే ఏమనుకుంటుందావిడ? ముసలావిడతో చాకిరీ చేయించుకుంటున్నాననుకోదూ?"

"చేయించుకుంటున్నాంగా," అంది స్టెల్లా.

ఆదివారం చర్చిలో పూజ నుంచి రాగానే తెరేసమ్మ కొడవలికి గుడ్డ చుట్టింది.

"వెళ్లొద్దమ్మా. అసలెందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను." ఆమె గొంతులో కోపం లేదు. "అందరికీ కాఫీ ఇచ్చేదాకా చూశాను. ఆవిడకి ఎవరో ఒకళ్లు జవాబు చెప్పాలిగా."

స్టెల్లా తల్లి ముందే ఫోన్ తీసింది. ఫిలిప్ వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. "మేడమ్, నిన్న మా పెరట్లో చూశారే, ఆమె మా అమ్మండీ. నిన్ననే చెప్పాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు."

"అయ్యో, నేననుకోలేదండీ. ఆమెని రావద్దనండి," అంది శాలిని.

నిజం చెప్పేస్తే గుండె తేలికపడుతుందనుకుంది స్టెల్లా. పడలేదు. తల్లి చెప్పులు వేసుకుంటోంది.

"రావద్దన్నారమ్మా."

"మాటిచ్చాను, వెళ్తాను. అక్కడ పనిమనిషన్నా కూలి ఇస్తారు. ఇక్కడ ఆ పేరొక్కటే దక్కింది."

గేటు చప్పుడైంది. తల్లి సందు మలుపు తిరిగేదాకా స్టెల్లా అక్కడే నిలబడింది. తర్వాత చీర ఎగదోపుకుని, పార తీసుకుని పెరట్లోకి దిగింది.

"మధ్యాహ్నం వంటో?" అన్నాడు ఫిలిప్ వరండాలోంచి.

"మీరు చూడండి," అంది వెనక్కి తిరక్కుండా.

మొదటి మడి సగం తవ్వకముందే నడుం పట్టేసింది. పార మీద ఆనుకుని, అమ్మకిప్పుడు ఎన్నేళ్లుంటాయా అని ఆలోచించింది. తనకి తెలియదు.